ఇంటికప్పుపై సూర్యశక్తి: చదివి పిమ్మట సంతకము

బరంపురమున మనవారి వీధులలో కొంతకాలముగా సౌరఫలకముల వ్యాపార ప్రతినిధులు ఇంటింటికి తిరుగుచున్నారు. “కరెంటు బిల్లు నామమాత్రమగును, తుఫాను వచ్చినను దీపమారదు” అని ఒక్క ఊపిరిలో చెప్పుచున్నారు. మొదటి మాట చాలవరకు నిజమే. రెండవది బ్యాటరీ లేని ఏర్పాటు విషయమున నిజము కాదు. ఈ భేదమెరుగక మన సభ్యులు కొందరు సంతకములు చేసిరని తెలిసి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ చెంత తీరము దాటినది. గంటకు 200 కిలోమీటర్ల గాలికి స్తంభములు కూలి, ఊరు దినముల తరబడి చీకటిలో మ్రగ్గినది. మోటారు తిరుగక, మేడమీది తొట్టికి నీరెక్కక పడిన పాట్లు ఎవరు మరువగలరు? కనుక దీపమారదన్న మాటకు మనవారు ఆశపడుటలో వింత లేదు.

అయితే, ఊరి లైనుతో కలిపిన సాధారణపు ఫలకములు లైనులో విద్యుత్తు లేనప్పుడు తామును పనిమానును. స్తంభముపై మరమ్మతు చేయు మనిషికి మన యింటి విద్యుత్తు తగిలి ప్రాణహాని కలుగకుండ ఇన్వర్టరులోనే ఈ కట్టడి చేసియున్నారు. ఇది న్యాయమే. కాని పట్టపగలు ఎండ మండుచున్నను ఆ యింట పంకా తిరుగదు. తిరుగవలెనన్న బ్యాటరీయు, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టరును వలయును.

ఇక లెక్క. ఒక కిలోవాటు ఫలకములకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావలెను. దినమునకు సగటున నాలుగు యూనిట్లు వచ్చును, వానలలో తగ్గును. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున కేంద్ర ప్రభుత్వము 2 కిలోవాట్ల వరకు కిలోవాటునకు 30,000 రూపాయలు, 3 కిలోవాట్లు గాని అంతకు మించి గాని పెట్టినవారికి మొత్తము 78,000 రూపాయలు సహాయము నిర్ణయించినది. ఈ లెక్క ఫలకములకే. బ్యాటరీకి విడిగా లేదు. ఫలకములు పాతికేండ్లు నిలుచును. సీసపు బ్యాటరీని నాలుగైదేండ్లకు మార్చవలసి వచ్చును. లిథియము బ్యాటరీ హెచ్చుకాలము మన్నును, వెలయు హెచ్చే.

వర్తకులముగా మాకు తోచినది చెప్పుచున్నాము. ఫలకములపై పెట్టుబడి తిరిగివచ్చును. బ్యాటరీపై సొమ్ము బీమా వంటిది. రెండు పంకాలు, నాలుగు ఎల్.ఇ.డి. దీపములు అయిదు గంటలు నడచిన సుమారు ఒక యూనిటు ఖర్చగును. ఇంట రోగులు, వృద్ధులు ఉన్నవారు ఆ కొలతకు చిన్న బ్యాటరీ పెట్టుకొనుట మేలు. తుఫాను వెలిసి ఎండ కాసినచో అది మరల నిండును. ఏ.సి.ని కూడ దానిపైననే నడుపుదుమనువారి ధనమునకు మేమడ్డుపడము.

అసలు చిక్కు కాగితములలో ఉన్నది. మన పాత వీధులలో ఎన్నో ఇండ్లకు మీటరు నేటికిని కీర్తిశేషులైన తాతగారి పేరనే నడచుచున్నది. సహాయము కోరువాని పేరనే కనెక్షను ఉండవలెను. ఇండ్లు గోడకు గోడ తగిలియున్నవి. పొరుగువారు మరియొక అంతస్తు లేపిన ఫలకములపై నీడ పడును. కప్పు అన్నదమ్ముల ఉమ్మడిది. ఒకరు ఫలకములు బిగించిన పిమ్మట రెండవవారు మేడ వేయదలచినచో ఏమి గతి? ఈ మాట ముందుగా ఇంటిలో తేలవలెను, వ్రాతమూలముగా తేలవలెను.

ఒడంబడికలు, అప్పు పత్రములు ఒడియాలోనో ఆంగ్లములోనో వచ్చుచున్నవి. మన పెద్దలు పలువురు ఒడియా ధారాళముగా మాటలాడుదురు గాని చదువనేరరు. ఇందుకు ఒరులను నిందింపలేము. తరముల తరబడి ఇచ్చట వ్యాపారము చేయుచు ఊరి లిపి నేర్వకపోవుట మన లోపమే. అయినను లోపము దిద్దుకొనువరకు ఇల్లు అప్పులపాలు కారాదు గదా.

కనుక సంతకము చేయబోవువారు ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమునకు ధరల పత్రము, అప్పు పత్రము, కడపటి కరెంటు బిల్లు తీసికొని రావలెనని కోరుచున్నాము. ప్రతి పంక్తియు తెలుగులో చదివి వినిపింపబడును. చెప్పిన వెలలో బ్యాటరీ చేరినదా, గాలికి ఎగరకుండ చట్రమును కప్పులోనికి ఎట్లు బిగింతురు అను ఈ రెండింటికి వ్యాపారి వ్రాసియిచ్చిన జవాబు కూడ తేవలెను.