నీటి అడుగు కొలువు: నిజమెంత?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ 61 రోజులూ మన తీరంలో పడవలు ఒడ్డెక్కి ఉంటాయి. వలలు అల్లుకోవడం ఒక పక్క, చెట్టు కింద కబుర్లు ఒక పక్క. ఆ కబుర్లలోకి ఈ ఏడాది ఒక కొత్త మాట వచ్చి చేరింది. అమెరికాలో సముద్రం అడుగుకు దిగి ముళ్ళకాయలు ఏరే వాళ్ళకు రోజుకు మన లెక్కలో వేలకు వేలు ముడుతున్నాయట. ఆ కొలువుకు మన కుర్రవాళ్ళను పంపిస్తామని ఒక ఏజెంటు రెండు మూడు ఊళ్ళు తిరిగి వెళ్ళాడు. అడిగినది తలకు 4 లక్షల రూపాయలు. సగం ముందు, సగం వీసా వచ్చాక.

ఫోనులో వీడియో చూపించి, "బావు, ఇది నిజమేనా? సెప్పండి" అని ఒక తండ్రి ఈ విలేకరిని అడిగాడు. వీడియో నిజమే. అందులో నల్లటి రబ్బరు దుస్తులు తొడుక్కున్న మనిషి నీళ్ళలోకి జారుతున్నాడు, గంట తిరక్కుండానే వల సంచి నిండా ముళ్ళకాయలతో పైకి వస్తున్నాడు. ఆ సంచి విలువ ఎంతో తెరమీద అంకెల్లో పడుతున్నది. వీడియోలో లేనిది కూడా కొంత ఉన్నది. అది తెలియకుండా ఇల్లు తాకట్టు పెట్టడం తగదు కనుక, తెలిసినంతవరకు ఇక్కడ చెప్పడం మా విధి అనుకుంటున్నాము.

ఆ ముళ్ళకాయ పేరు సీ అర్చిన్. చూడటానికి ఉమ్మెత్త కాయలాగా ఉంటుంది, ముళ్ళు మాత్రం ఇంకా పొడుగు. రాళ్ళను పట్టుకుని నాచు తిని బతికే జీవి అది. గుల్ల పగలగొడితే లోపల నారింజ తొనల్లా అయిదు ముద్దలు ఉంటాయి. అవి దాని గుడ్లు, బీజం తయారయ్యే గ్రంథులు. జపాను వాళ్ళు వాటిని ‘ఉని’ అని పిలిచి పచ్చిగానే అన్నంతో తింటారు. ముద్ద పచ్చగా, గట్టిగా ఉంటేనే ధర. గోధుమ రంగుకు తిరిగినా, నీరు కారినా బేరం పడిపోతుంది. అందుకే తెలిసిన డైవరు ముందు ఒకటి రెండు పగలగొట్టి చూసి, బాగున్న చోటే ఏరతాడు. కిందికి దిగిన ప్రతివాడికీ ఒకే కూలి అనుకోవడం మొదటి పొరపాటు. అక్కడ నెలజీతం అన్నది సాధారణంగా ఉండదు. ఎంత సరుకు తెస్తే అంత. అందులోనే పడవ ఖర్చు, నూనె ఖర్చు, పైన ఉండే సహాయకుడి వాటా పోవాలి. మన పడవల మీద వాటాల పద్ధతి తెలిసిన వాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక పని. కాలిఫోర్నియాలో ఈ డైవర్లు వీపున సిలిండరు కట్టుకోరు. పడవ మీద కంప్రెసరు ఉంటుంది. దాని నుంచి పొడవాటి గొట్టం నోటిదాకా వస్తుంది. చేతిలో పొట్టి రేకు గోరు, నడుముకు వల సంచి. రాతి సందుల్లో నుంచి గోరుతో కాయను పెకలించి సంచిలో వేసుకుంటూ, అలల ఊపుకు రాళ్ళకు కొట్టుకోకుండా చూసుకుంటూ గంటల తరబడి గడపాలి. ఉత్తర కాలిఫోర్నియాలో నీరు 10 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. తూర్పు తీరంలోని మెయిన్ రాష్ట్రంలో చలికాలం నీరు గడ్డకట్టడానికి కొంచెమే తక్కువ. మన సముద్రంలో ఈదిన ఒంటికి అది వేరే లోకం.

పైన ఉన్న మనిషి కునుకు తీస్తే కింద ఉన్న మనిషి గతి ఏమిటో ఊహించుకోవచ్చు. కంప్రెసరు ఇంజను పొగ గాలి పీల్చే గొట్టంలోకి మళ్ళితే, వాసన లేని విషవాయువు నేరుగా డైవరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గాలి దిశ మారితే పొగ గొట్టం ఎటు ఉందో చూసుకోవడం కూడా ఆ కొలువులో భాగమే. సొరచేపల మాట కథ కాదు. 1994 డిసెంబరులో సాన్ మిగెల్ దీవి దగ్గర ముళ్ళకాయల కోసం దిగిన ఒక డైవరును తెల్ల సొర కరిచింది, అతను చనిపోయాడు. అయితే సొరచేప అరుదు. అరుదు కానిది మరొకటి ఉన్నది. దానిని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

నీటిలో ప్రతి 33 అడుగులకూ ఒంటిమీద ఒత్తిడి, పైన గాలి మోపే ఒత్తిడి అంత చొప్పున పెరుగుతూ పోతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజను రక్తంలోకి, కండల్లోకి, కీళ్ళలోకి కరిగిపోతుంది. కింద ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. హాయిగానే ఉంటుంది. ఎక్కువసేపు ఉండి గబగబా పైకి వస్తే మాత్రం, సోడా సీసా మూత తీసినప్పుడు బుడగలు పొంగినట్లు ఆ వాయువు ఒంట్లో బుడగలు కడుతుంది. భుజాలు, మోకాళ్ళు విరగ్గొట్టినట్లు నొప్పి పెడతాయి. బుడగలు వెన్నుపాముకు చేరితే కాళ్ళు చచ్చుబడతాయి, మూత్రం బిగుస్తుంది. ప్రాణం పోవచ్చు. అమెరికా నౌకాదళం పాత పట్టిక ప్రకారం 60 అడుగుల లోతులో 60 నిమిషాలు, 100 అడుగుల లోతులో 25 నిమిషాలు మించితే మధ్యలో ఆగి ఆగి పైకి రావాలి. సిలిండరైతే గాలి అయిపోయినప్పుడు మనిషిని పైకి తెస్తుంది. కంప్రెసరు గాలి అయిపోదు. అదే దానిలోని మోసం. సరుకు బాగా దొరుకుతున్న రోజున ఇంకొక్క సంచి అనుకోని వాడెవడు?

దీనికి వైద్యం మాత్రలతోనో, మర్దనతోనో జరిగేది కాదు. ఒత్తిడి పెంచే ప్రత్యేకమైన గదిలో పడుకోబెట్టి, ప్రాణవాయువు ఇచ్చి, నెమ్మదిగా ఒత్తిడి తగ్గించాలి. అదీ ఆలస్యం లేకుండా. చాలాకాలం ఈ పని చేసినవారిలో భుజం, తుంటి ఎముకల లోపల రక్తం అందక ఎముక కుళ్ళిపోవడం కూడా వైద్యులకు తెలిసిన జబ్బే. ఇది ఎక్కడో అమెరికాలో సంగతి అనుకోవద్దు. పొరుగున తమిళనాడులో తూత్తుకుడి ప్రాంతంలో శంఖాల కోసం ఇలాగే కంప్రెసరు గొట్టం నోట పెట్టుకుని దిగేవారున్నారు. వాళ్ళలోనూ ఈ కీళ్ళనొప్పులు, పక్షవాతాలు వైద్యుల రికార్డులకు ఎక్కాయి.

సరే, కష్టం లేని కొలువు ఏది, మన వాళ్ళు కష్టానికి జంకుతారా అని ఎవరైనా అడగవచ్చు. జంకరు. వేట కోసం గుజరాత్‌లోని వీరావల్ దాకా వెళ్ళి నెలల తరబడి పడవల మీద బతికేది మన ఉత్తరాంధ్ర వాళ్ళే. 2018 నవంబరులో అక్కడి నుంచి వెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకు పట్టుబడి, 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర మన గడ్డమీద అడుగుపెట్టే వరకు వాళ్ళ ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగిందో మనం కళ్ళారా చూశాము. కనుక ప్రశ్న ధైర్యం గురించి కాదు. ఏజెంటు చెప్పే ఆ కొలువు అసలు ఉన్నదా అన్నదే ప్రశ్న.

ఉన్నది, కాని తలుపులు మూసి ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఈ వ్యాపారం 1970ల మొదట్లో మొదలయింది. అంతకు ముందు ఈ ముళ్ళకాయలను అక్కడ పీడగా చూశారు. కెల్ప్ అనే చెట్టంత ఎత్తు నాచును తినేస్తున్నాయని సున్నం పోసి చంపారు కూడా. జపాను మార్కెట్టు దొరికేసరికి పీడ కాస్తా బంగారమైంది. 1988లో ఆ ఒక్క రాష్ట్రంలో 5 కోట్ల పౌనులకు మించి, అంటే 23 వేల టన్నుల దాకా, ఒడ్డుకు చేర్చారు. ఎర్ర ముళ్ళకాయ మెల్లగా పెరిగే జీవి, నూరేళ్ళు దాటి బతికినవి కూడా ఉన్నాయని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. దాని పిల్లలు పెద్దవాటి ముళ్ళ కింద దాక్కుని పెరుగుతాయి. పెద్దవాటిని ఊడ్చేస్తే పిల్లలకు గొడుగు పోయింది. దిగుబడి పడిపోయింది. 1980ల చివరికే కొత్త పర్మిట్లకు కళ్ళెం వేసి, 300 లక్ష్యంగా పెట్టుకుని, తరువాత దానినీ తగ్గించారు. మెయిన్ రాష్ట్రంలోనూ ఇదే వరస. 1993లో 4 కోట్ల పౌనులు దాటిన సరుకు తరువాత దానిలో చిన్న ముక్కకు దిగిపోయింది. అక్కడా 1994 నుంచి కొత్త లైసెన్సులకు అడ్డుకట్ట పడింది. సొంత దేశం కుర్రవాడే ఎవరైనా మానుకుంటే ఆ చోటు కోసం లాటరీలో పేరు వేసుకుని కూర్చునే పనికి, మన తీరం నుంచి మనిషిని దింపుతామనే మాట ఎంతవరకు నమ్మదగినదో పెద్దలు ఆలోచించాలి.

ఇంకో సంగతి. ఉత్తర కాలిఫోర్నియాలో 2013 నుంచి నక్షత్ర చేపలకు ఏదో తెగులు తగిలి తుడిచిపెట్టుకుపోయాయి. ముళ్ళకాయలను తినేది అవే. 2014 నుంచి 2016 వరకు సముద్రం వేడెక్కి నాచు అడవులు మాడిపోయాయి. తినేవాడు లేక ఊదా రంగు ముళ్ళకాయలు పుట్టలు పుట్టలుగా పెరిగి, మిగిలిన నాచును కూడా కొరికేశాయి. ఆ తీరంలో నూటికి 90 వంతులకు పైగా కెల్ప్ పోయింది. ఇప్పుడు గుల్ల పగలగొడితే లోపల తొనలు లేవు, ఖాళీ. తిండి లేకపోయినా అవి ఏళ్ళ తరబడి చావకుండా రాళ్ళను పట్టుకుని ఉంటాయట. ముళ్ళకాయలు అమ్ముకుని బతికిన డైవర్లకే 2020 తరువాత డబ్బిచ్చి, అమ్ముడుపోని ఆ ఖాళీ కాయలను ఏరి పారేసే పని పెట్టారు. కొన్ని చోట్ల సుత్తులతో చితక్కొట్టడానికి కూడా అనుమతించారు. సున్నంతో మొదలైన కథ సుత్తి దగ్గరకు వచ్చింది. ఏజెంటు వీడియోలో ఈ భాగం లేదు.

కొరియాలోని జెజు దీవిలో ‘హెన్యో’ అనే ఆడవాళ్ళు ఉన్నారు. గొట్టం లేదు, సిలిండరు లేదు. ఊపిరి బిగబట్టి దిగి ముళ్ళకాయలు, గుల్లలు తెస్తారు. 2016లో యునెస్కో వాళ్ళ విద్యను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. వాళ్ళలో ఎక్కువమంది అరవై దాటిన వాళ్ళే. ఎప్పుడు దిగాలో, ఎంత తేవాలో ఊరి సంఘం కూర్చుని తేలుస్తుంది. మన వేటలోనూ పెద్దలు కట్టుబాట్లు పెట్టిన రోజులు ముసలివాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఊపిరి ఎంతసేపు నిలిస్తే అంతసేపే పని అన్నది ఒక విధంగా సముద్రానికీ మనిషికీ కూడా రక్షణే. కంప్రెసరు వచ్చాక ఆ లెక్క తప్పింది.

జిల్లా అధికారులకు రెండు మాటలు. విదేశీ కొలువులకు మనుషులను పంపేవారు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరు అయి ఉండాలి. ఈ ఏజెంటు చూపించిన కాగితం మీద రిజిస్ట్రేషను నంబరు లేదు, హైదరాబాదు చిరునామా ఒకటి మాత్రం ఉంది. ఊళ్ళు తిరిగే ఇలాంటి వారి కాగితాలు పరిశీలించే పని పోలీసు వారు చేపట్టాలి. తీరంలోని సచివాలయాల గోడలమీద రిజిస్టరయిన ఏజెంట్ల పేర్లు అతికిస్తే అయ్యే ఖర్చు ఎంత? రెండవది, ఒత్తిడి గది ఉన్న ఆసుపత్రి మన తీరానికి దగ్గరలో ఏది, అక్కడికి మామూలు మత్స్యకారుణ్ణి చేర్చుకుంటారా అన్నది మత్స్యశాఖ వారు రాతపూర్వకంగా తెలియజేయాలి. వద్దన్నా గొట్టం పట్టుకుని దిగే కుర్రవాళ్ళు రేపు మన తీరంలోనూ తయారవుతారు. సముద్ర దోసకాయ ఏరిపెడితే డబ్బిస్తామనే వాళ్ళు వస్తే, 2001 నుంచి అది వన్యప్రాణి చట్టం కింద నేరమని కూడా దండోరా వేయించాలి. దొరికితే ఏరినవాడు జైలుకు పోవలసి రావచ్చు.

నిషేధ కాలపు భృతి 2025లో 20 వేల రూపాయలకు పెంచారు. మంచి పనే. కాని రెండు నెలలు ఖాళీగా కూర్చున్న ఇరవై ఏళ్ళ కుర్రవాడికి ఫోనులోని నీలం నీళ్ళు ఎంత అందంగా కనిపిస్తాయో అధికారులు గ్రహించాలి. ఆ రెండు నెలల్లో ఇంజను మరమ్మతో, పడవల ఫైబరు పనో నేర్పే ఏర్పాటు మండలానికి ఒకటి ఉంటే ఏజెంట్ల చుట్టూ మూగే జనం పలచబడతారు.

ఈ విలేకరిని అడిగిన ఆ తండ్రి అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి ఆళ్ళకే ఆ నీళ్ళల్లో కాయలు లేకపోతే, మావోణ్ణి ఏటి ఏరమంటాడు బావూ?" అన్నాడు. ముందు కట్టవలసిన 2 లక్షలకు అతను తమ్ముడితో ఉమ్మడిగా ఉన్న వలనూ ఇంజనునూ అమ్మకానికి పెట్టి ఉన్నాడు. తమ్ముడు ఇంకా సంతకం చేయలేదు. ఏజెంటు ఇచ్చిన గడువు వచ్చే సోమవారం.