రెండు తీగలు, ఒకటే గొయ్యి

బెంగుళూరులో వీధి త్రవ్వని నెల లేదని పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఈసారి ఆ వైభవం మల్లేశ్వరంలో మా సందుకే పట్టింది. సాయంత్రం నాలుగు గంటలకు మా మేనకోడలికి ఇంటర్‌వ్యూ. రెండవ ప్రశ్న నడుస్తుండగా తెరమీద ఆవలివారి ముఖాలు బిగుసుకుపోయినవి. పిల్ల బిక్కమొగం వేసింది.

మా ధీమా ఏమంటే, ఇంటికి రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ ఉన్నది. ఒకటి పోతే రెండవదానికి తనంతట తానే మారే రౌటరూ ఉన్నది. ఆనాడు అది మారనే లేదు. మారినా లాభం లేదనుకోండి. వీధిలోకి వెళ్లి చూతుము గదా, రెండు తీగలూ ఒకే గోతిలో పడుకొని, ఒక్క దెబ్బకే తెగి ఉన్నవి!

ఇది పెద్దలకూ తప్పలేదు. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపాన సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే రెండు సముద్రపు కేబుళ్లు ఒకేనాడు తెగి, మన దేశంలో ఇంటర్నెట్ కుంటినడక నడిచింది. పేర్లు రెండు, దారి ఒకటి.

అందుచేత రెండవ దారి గాలిలో ఉండాలని తేల్చుకొని, సిమ్ము వేసిన 4జి మోడెమ్ తగిలించాము. సెల్ టవరుకూ తీగే కదా వచ్చేదని మా అబ్బాయి అడ్డుపుల్ల వేశాడు. నిజమే గాని, ఆ టవరు వేరే వీధిలోది, కంపెనీ కూడా మూడవది.

ఇక రౌటరు మారకపోవడానికి కారణం. గోడకున్న ఫైబరు పెట్టె పలికితే చాలు, లోకమంతా పలికినట్లే అది అనుకుంటున్నది. వీధిలో తీగ తెగినా, కరెంటున్నంతసేపూ ఆ పెట్టె పలుకుతూనే ఉంటుంది మరి. కనుక దూరపు చిరునామాలను పిలిచి చూడమని 1.1.1.1, 8.8.8.8 రెండూ వ్రాశాము. ఒక్కదానినే నమ్మితే, అది మూగబోయిననాడు మంచి తీగను కూడా వదిలేస్తుంది. 5 సెకండ్లకొక పిలుపు. మూడు పిలుపులకు జవాబు లేకుంటే మారాలి. తిరిగి పాత దారికి రావడానికి మాత్రం రెండు నిమిషాలు ఆగమన్నాము. లేకుంటే అటూ యిటూ గంతులే.

మారినప్పుడు బయటి చిరునామా మారుతుంది గనుక, జరుగుతున్న మాట ఒకసారి తెగవచ్చు, ఆఫీసు వి.పి.ఎన్. మళ్లీ లాగిన్ అడగవచ్చు. సిమ్ముకు రోజువారీ పరిమితి ఉన్నది. వాకిలి కెమెరాను ఆ దారిన పోనీయరాదు. అన్నిటికీ యు.పి.ఎస్. ఉండాలని వేరే చెప్పాలా!

పరీక్ష మాటకు వస్తే, రౌటరు వెనుక తీగ పీకి, మారిందని సంతోషించరాదు. మేము మొదట మోసపోయింది అక్కడే. పెట్టెకు వచ్చే సన్నని ఫైబరునే మెల్లగా విడదీయాలి; దానిని మడవరాదు, కొన కంటికెదురుగా పెట్టుకోరాదు. ఆదివారం అట్లా విడదీసి గడియారం చూచాము. 18 సెకండ్లు పట్టింది.

మేనకోడలి ఇంటర్‌వ్యూ గురువారానికి వాయిదా వేశారు. గొయ్యి ఇంకా పూడ్చలేదు.