సూత్రం లేని వడ్డీకీ లెక్క ఉంది

చివ్వెంల, సూర్యాపేట నుంచి కోదాడ, మిర్యాలగూడ దాకా అప్పు మాట వస్తే మొదటి ప్రశ్న ఒకటే: నూటికి ఎంత? రూపాయి అంటే నెలకు నూటికి రూపాయి, ఏడాదికి 12 శాతం. అసలు మొత్తం ఒకేసారి తీర్చే అప్పుకు ఈ లెక్క సరిపోతుంది. నెలనెలా కిస్తు కట్టే బండి ఫైనాన్స్‌కు ఇదే మాట వాడితే మాత్రం అప్పు తీసుకున్నవాడు నష్టపోతాడు.

లక్ష రూపాయలు, ఏడాది గడువు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ. మొత్తం 1,12,000 రూపాయలను 12 కిస్తులు చేస్తే ఒక్కోటి 9,333 రూపాయలు. ఏడాది సగానికి వచ్చేసరికి అసలు దాదాపు సగం తీరిపోతుంది. వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే పడుతుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్కగడితే నిజమైన రేటు దాదాపు 21.5 శాతం. నిజంగా 12 శాతమే అయితే కిస్తు 8,885 రూపాయలే ఉండాలి. ఏడాదికి తేడా 5,380 రూపాయలకు పైనే.

ఈ తేడా ఇంతకాలం కనపడకపోవడానికి గణితంలోనూ ఒక కారణం ఉంది. రేటు తెలిస్తే కిస్తు ఎంతో చెప్పే సూత్రం ఒక్క వరుసలో ఇమిడిపోతుంది. కిస్తు తెలిసి రేటు కనుక్కోవాలంటే 12 వాయిదాలకు 12వ ఘాత సమీకరణం ఎదురవుతుంది. ఐదో ఘాతం నుంచి అలాంటి సమీకరణాలను వర్గమూలం, ఘనమూలం లాంటి మూలాలతో విప్పే సాధారణ సూత్రం లేదని నార్వే గణితవేత్త ఆబెల్ 1824లోనే నిరూపించాడు. అయినా రేటు దొరకకుండా పోదు. ఒక రేటు అనుకుని, సరిచూసి, సవరించుకుంటూ పోతే కావలసినంత కచ్చితంగా తేలుతుంది. చేతిలోని ఫోను ఆ పని క్షణంలో చేస్తుంది.

ఆర్థికశాస్త్రమూ సూత్రం నుంచి అంచెలంచెల లెక్క వైపు ఇదే దారిన నడిచింది. 1956లో రాబర్ట్ సోలో ఇచ్చిన వృద్ధి నమూనాలో పొదుపు రేటు మారదనీ, ఉత్పత్తి కాబ్-డగ్లస్ అనే గణిత రూపంలో ఉంటుందనీ అనుకుంటే, ఏ ఏటికి ఎంత మూలధనం పోగవుతుందో ఒకే సూత్రంలో వస్తుంది. జనం రాబడిని బట్టి పొదుపు మార్చుకుంటారని చేర్చగానే ఆ సౌలభ్యం చాలావరకు పోయి, అంచెలంచెలుగా లెక్కించాల్సి వస్తుంది. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు నిండుగా వచ్చిన ఏడాదీ, రాని ఏడాదీ మిర్యాలగూడ రైతు ఒకేలా పొదుపు చేయడు కదా.

1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ ఆప్షన్ (ముందే అనుకున్న ధరకు షేరు కొనే లేదా అమ్మే హక్కు) ధరకు ఇచ్చిన సూత్రమూ అంతే. ధరల ఊగిసలాట తీరు మారదన్నది దాని ఆధారం. 1987 అక్టోబరు 19న అమెరికాలో డౌ జోన్స్ సూచీ ఒక్కరోజే 22.6 శాతం కూలినప్పుడు ఆ ఊహ ఎంత బలహీనమో బయటపడింది. గడువులోగా ఎప్పుడైనా అమ్ముకునే హక్కిచ్చే అమెరికన్ పుట్ ఆప్షన్‌కు ఇప్పటికీ అలాంటి సూత్రం దొరకలేదు. 1979లో కాక్స్, రాస్, రూబిన్‌స్టీన్ చూపిన పద్ధతిలో ధర పెరిగే, తగ్గే దారులను మెట్టుమెట్టుగా గీసి విలువ కడుతున్నారు. చేతికి సులువుగా వచ్చిన సూత్రం కన్నా, పరిస్థితికి తగిన లెక్కే మేలు.

అప్పుల విషయంలోనూ ఇదే వర్తించాలి. ఫ్లాట్ రేటు తేలికైన లెక్క, కానీ తప్పుదారి పట్టించే లెక్క. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాల సంక్షోభం ముదిరి ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చినప్పుడు, పేద మహిళలు నిజంగా కడుతున్న వడ్డీ ఎంతన్నది పెద్ద చర్చ అయింది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ ఇచ్చే కొత్త అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. రుసుములన్నీ కలుపుకున్న వార్షిక రేటు అందులో ఉండాలి. ఆ పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి.

ఈ నిబంధన కాగితం మీదే మిగలకూడదు. తెలుగులో రాసిన ఆ పత్రం చేతికి వచ్చి, వార్షిక రేటు గడి చదివాకే ట్రాక్టర్ అప్పుకైనా బండి అప్పుకైనా సంతకం పెట్టండి. పదో తరగతి లెక్కల పుస్తకంలో కిస్తు నుంచి నిజమైన రేటు రాబట్టే అభ్యాసం ఒక్కటైనా చేర్చాలి.