స్టార్లు కంపెనీకి కాదు, మోడల్‌కు

కారు కొనే కుటుంబం ఒకప్పుడు మొదట అడిగేది మైలేజీ గురించే. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, తిరిగి అమ్మితే ఎంత పలుకుతుంది అన్నవే ప్రధాన ప్రశ్నలు. కొన్నేళ్లుగా వాటి సరసన ‘ఎన్ని స్టార్లు వచ్చాయి’ అన్న ప్రశ్న కూడా చేరింది. ఈ మార్పులో కారు అభిమానుల పాత్ర చిన్నది కాదు. భద్రత గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోని రోజుల్లోనే క్రాష్ టెస్ట్ ఫలితాలను చర్చకు పెట్టినవారు వారే. అయితే అదే వర్గంలో మరో అలవాటు కూడా బలపడింది. ఫలానా కంపెనీ కార్లన్నీ రేకు డబ్బాలనీ, మరో కంపెనీవి ఉక్కు కోటలనీ తీర్పులు చెప్పడం పరిపాటిగా మారింది. తలుపు వేసినప్పుడు వచ్చే బరువైన శబ్దమే పలువురికి రుజువు.

పరీక్షల చరిత్ర ఈ తీర్పులను సమర్థించదు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ భారత్‌లో అమ్ముడవుతున్న ఐదు కార్ల ఫలితాలను వెల్లడించింది. మారుతి సుజుకి ఆల్టో 800, టాటా నానో, హ్యుందాయ్ ఐ10, ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వ్యాగన్ పోలోలకు పెద్దల భద్రతలో ఒక్క స్టారూ దక్కలేదు. గట్టి నిర్మాణానికి పేరున్న పోలో బాడీ స్థిరంగానే నిలిచినా ఎయిర్‌బ్యాగులు లేకపోవడంతో సున్నా మిగిలింది. ఎయిర్‌బ్యాగులు అమర్చిన పోలోకు మాత్రం నాలుగు స్టార్లు లభించాయి. కారు అదే అయినా, వేరియంట్ మారడంతో ఫలితం తారుమారైంది.

ఆ జాబితాలో నానో ఉన్న టాటా సంస్థే 2018 డిసెంబరులో నెక్సాన్‌తో ఐదు స్టార్లు సాధించింది. దేశంలో తయారై ఇక్కడే అమ్ముడవుతున్న కారుకు ఆ ఘనత దక్కడం అదే మొదటిసారి. మారుతి విషయమూ ఇంతే. 2022 డిసెంబరులో స్విఫ్ట్, ఇగ్నిస్, ఎస్‌-ప్రెస్సోలకు ఒక్కో స్టార్ వచ్చింది. 2024 నవంబరులో కొత్త డిజైర్ పెద్దల భద్రతలో ఐదు, పిల్లల భద్రతలో నాలుగు స్టార్లు పొందింది. రెండేళ్ల వ్యవధిలో ఒకే సంస్థ నుంచి ఒకటి, ఐదు రెండూ వచ్చినప్పుడు, కంపెనీ పేరు చూసి భద్రతను అంచనా వేయడం సహేతుకం కాదు.

రేకు మందం వాదన కూడా నిలవదు. ప్రమాదంలో ప్రాణం కాపాడేది పైకి కనిపించే రేకు కాదు, లోపలి చట్రం. ముందు భాగం నలిగి ఢీకొన్న శక్తిని పీల్చుకోవాలి, ప్రయాణికులు కూర్చున్న క్యాబిన్ మాత్రం చెక్కుచెదరకూడదు. కనుక ముందు భాగం నుజ్జయిన కారును చూసి నాసిరకమని తేల్చడం తొందరపాటే అవుతుంది.

స్టార్లకూ పరిమితులున్నాయి. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన భారత్ ఎన్‌క్యాప్‌లో ముందువైపు ఢీకొనే పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. ఎక్స్‌ప్రెస్‌వేపై అంతకు మించి వెళ్లే కారుకు ఆ రేటింగ్ పూచీ ఇవ్వదు. సీటు బెల్టు లేనిదే ఎయిర్‌బ్యాగ్ పూర్తి రక్షణా ఇవ్వదు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ వద్ద పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఖరీదైన కారులోనే మరణించారు. వెనుక సీట్లలో ఉన్నవారు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు అప్పట్లో తెలిపారు.

అంతకన్నా పెద్ద పరిమితి మరొకటి ఉంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయి. వారిలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనదారులు కాగా, సుమారు ఐదో వంతు పాదచారులు. కారు లోపలివారికి వచ్చిన ఐదు స్టార్లు బయటివారి ప్రాణాల గురించి చెప్పేది స్వల్పం.

విధానాల్లోనూ ఈ వెలితి కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలుకు 1200 సీసీ, డీజిలుకు 1500 సీసీ లోపు ఇంజిన్ ఉంటే ఈ రేటు వర్తిస్తుంది. పన్ను చట్టం పొడవును కొలుస్తుంది, ఇంజిన్‌ను కొలుస్తుంది, భద్రతను మాత్రం కొలవదు. భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష ఇప్పటికీ స్వచ్ఛందమే. ఆరు ఎయిర్‌బ్యాగులను తప్పనిసరి చేయాలన్న 2022 నాటి ప్రతిపాదన మొదట వాయిదా పడి, ఆ తర్వాత పక్కకు పోయింది. కొన్ని సంస్థలు చిన్న కార్లలోనూ వాటిని అమర్చడం మంచి పరిణామమే. కానీ అది చట్టం వల్ల కాక కొనుగోలుదారుల ఒత్తిడి వల్ల జరిగింది.

కనుక ఆ ఒత్తిడి సరైన దిశలో సాగాలి. షోరూంలో అడగవలసింది ‘ఇది ఏ కంపెనీ కారు’ అని కాదు. పరీక్షించినది ఏ సంవత్సరపు మోడల్, అందులోని భద్రతా పరికరాలన్నీ కొనబోయే వేరియంట్‌లోనూ ఉన్నాయా, పిల్లల భద్రతకు వచ్చిన స్టార్లెన్ని అన్న మూడు ప్రశ్నలు అడగాలి. తొలిసారి కారు కొనే కుటుంబానికి అభిమానుల వాదోపవాదాల కన్నా ఈ సమాధానాలే ఎక్కువ మేలు చేస్తాయి.