మనోవర్తి ఆదాయమా?

సైన్సు చదివేవాడికి పన్నుల గొడవ ఎందుకయ్యా అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. మొన్న సెలవుల్లో మా వూళ్లో ఒక అక్కయ్య విడాకుల రాజీకి పెద్దమనుషులు కూర్చున్నారు. "ఒక్కసారే అంత సొమ్ము ఎక్కడ తెస్తాడు? నెలనెలా పంపిస్తాడులే" అన్నారు. అక్కయ్య ఉద్యోగస్తురాలు. ఈ రెంటికీ పన్నులో తేడా ఉందని అక్కడ ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు. తరువాత చదివి తెలుసుకున్నాను.

1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం మనోవర్తిని కోర్టు ఏకమొత్తంగానైనా, నెలవారీగానైనా ఇప్పించవచ్చు. ఆదాయపు పన్ను చట్టమో, మనోవర్తి ఊసే ప్రత్యేకంగా ఎత్తలేదు. 1980 దశకంలో ప్రతాప్‌గఢ్ రాజకుమారి మహేశ్వరీదేవి కేసులో బొంబాయి హైకోర్టు తేల్చింది: ఏకమొత్తం మూలధనం, పన్ను లేదు, నెలనెలా వచ్చేది ఆదాయం, పన్ను ఉంది.

ఇచ్చేవాడికి మినహాయింపు లేదు. తన జీతంపై పన్ను కట్టి ఇస్తాడు. పుచ్చుకున్నామె మళ్ళీ కట్టాలి. నెలకు 30 వేలంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు. ఆమె జీతంపై అది చేరి 20 శాతం శ్రేణిలో పడితే 72 వేలు పోయినట్లే, సెస్సు అదనం.

పేదరాలికి ఈ బాధ లేదు కదా అంటారు. నిజమే. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది. అయితే చదువుకుని తన కాళ్లమీద తాను నిలబడ్డ ఆడపిల్లకా ఈ శిక్ష?

పోనీ ఏకమొత్తమే తీసుకోమందామా? ఆ సొమ్ము అన్నదమ్ముల అప్పులకింద కరిగిపోవచ్చు. బ్యాంకులో వేస్తే వడ్డీకి పన్ను. చాలామందికి నెలసొమ్మే ధైర్యం.

అమెరికాలో 2018 తర్వాతి విడాకులకు ఇచ్చేవాడికి మినహాయింపు లేదు, పుచ్చుకునేవారికి పన్నూ లేదు. అంతకుముందు ఇచ్చేవాడికి మినహాయింపు, పుచ్చుకునేవారికి పన్ను. ఎటుచూసినా ఒక్కసారే.

మా నాన్న పండించే వడ్లకు ఆదాయపు పన్ను లేదు. అది దయ కాదు, న్యాయమే అంటాను. మరి కాపురం కూలిన ఇంటి ఆడపడుచుకు కోర్టు ఇప్పించిన మనోవర్తిపై రెండోసారి పన్ను ఏ న్యాయం? పార్లమెంటు ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

అంతదాకా మన చేతిలో ఉన్నది ఒకటుంది. పెళ్లికి ముహూర్తం పెట్టేందుకు పది పంచాంగాలు తిరగేస్తాం. రాజీకాగితం రాసేముందు ఒక్క ఆడిటరునైనా అడుగుదాం. అక్కయ్య ఇంకా సంతకం పెట్టలేదు.