రెక్కల పురుగుల లెక్క ఎవరి చేతిలో ఉంది?

సీతాకోకచిలుకల్ని, రెక్కల పురుగుల్ని ఏడాదంతా లెక్కపెట్టి రాసుకోవడం రైతుసంఘం చేయాల్సిన పనేనా అని కొందరు మిత్రులు నవ్వుతున్నారు. పత్తికి ధర లేదు, యూరియాకు చెప్పులు వరుసలో పెట్టాల్సి వస్తోంది, పోడు గొడవ తెగలేదు, ఇప్పుడీ షోకు దేనికని వాళ్ల ప్రశ్న. వాళ్లను ఒక్కటి అడగాలి. మన చేలో గుడ్డు పెట్టే తల్లి పురుగు ఎప్పుడొచ్చిందో, ఎన్ని వచ్చాయో ఇవాళ మనకు చెబుతున్నదెవరు? మందుల డీలరే కదా! పురుగు ఉందని చెప్పేది ఆయనే, మందు అమ్మేది ఆయనే, అప్పిచ్చేదీ ఆయనే. చాలా ఊళ్లలో పంట కాటా వేసుకునేదీ ఆయనే.

గులాబీ పురుగు, శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, మొక్కజొన్నలో కత్తెర పురుగు, వరిలో మొగి పురుగు... మన పెట్టుబడిని తినేసేవన్నీ రాత్రిపూట తిరిగే రెక్కల పురుగుల పిల్లలే. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు కాయతొలిచే పురుగు బెడద ఇక తీరిందన్నారు. 2006లో రెండో రకం బీటీ తెచ్చారు. గులాబీ పురుగు రెండింటినీ తట్టుకుంది. మళ్లీ పిచికారీలే దిక్కయ్యాయి. 2017లో ఒక్క యవత్మాల్ జిల్లాలోనే పిచికారీ చేస్తూ విషం ఎక్కి 20 మందికి పైగా చనిపోయారు. శాస్త్రవేత్తలు చెప్పే లెక్క మాత్రం చిన్నదే: లింగాకర్షక బుట్టలో రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు గులాబీ తల్లి పురుగులు పడితేనే మందు గురించి ఆలోచించాలి. ఎనిమిది దాకా లెక్కపెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. అయినా ఆ బుట్ట ఎన్ని చేలల్లో ఉంది?

ఇది కొత్త మాటేమీ కాదు. మన పాల్వంచ మండలం పునుకుల చేసి చూపించింది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు పురుగును చంపని మందు తామే తాగి చనిపోయిన రోజులవి. అప్పుల్లో ఉన్న పునుకులలో కొద్దిమంది రైతులు సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడుతో మందు మానేసి చూశారు. దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు, వేప కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, ఎర పంటగా ఆముదం, బంతి. మహిళా సంఘాలు ముందు నిలబడ్డాయి. 2003-04 నాటికి ఊరు ఊరంతా పురుగుమందు మానేశామని ప్రకటించుకుంది. ఆ తర్వాతే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆ దారిని మిగతా జిల్లాలకు తీసుకెళ్లింది. అడవి అంచున ఉన్న చిన్న ఊరు రాష్ట్రానికి పాఠం చెప్పింది. ఆ పాఠంలో మొదటి పని పురుగును చూడటం. ఏది, ఎప్పుడు, ఎన్ని?

వ్యవసాయ శాఖ ఉంది కదా అంటారు. ఉంది. రాష్ట్రంలో 2,601 క్లస్టర్లు, దాదాపు 5,000 ఎకరాలకు ఒక విస్తరణ అధికారి. ఆయన పంటల నమోదు చేయాలి, బీమా కాగితాలు చూడాలి, మీటింగులకు పోవాలి. చేనుకు ఎప్పుడొస్తాడు పాపం? 2024 ఆగస్టు 15న కేంద్రం ఒక యాప్ వదిలింది. పురుగు ఫొటో తీసి పంపితే సలహా వస్తుందట. మంచిదే. సిగ్నల్ లేని గూడెంలో, ఆకు జల్లెడైపోయాక తీసే ఫొటో ఎవరికి పనికొస్తుంది?

ఏడాది రాస్తే ఏం తేలుతుంది? మృగశిర తొలివాన పడ్డ రాత్రి తేలిక నేలల్లోంచి ఎర్ర గొంగళి తల్లి పురుగులు లేచి దీపానికి వస్తాయి. హస్త, చిత్తల్లో పత్తిలో గుడ్డి పూలు. యాసంగి నారుమడిలో పసుపుపచ్చ రెక్కకో నల్లచుక్కతో మొగి పురుగు. ఇవన్నీ మనకు తెలిసినవే, తేదీ ఒక్కటే తెలియదు. ఆ తేదీ తెలియకే ముందుజాగ్రత్త పేరుతో నాలుగు పిచికారీలు ఎక్కువ కొడుతున్నాం.

హాని చేయనివీ రాయాలి. జిల్లేడు మీద పెరిగేది, చెట్టు మీది బదనిక తిని బతికేది, కిన్నెరసాని వాగు తడి ఇసుక మీద ఉప్పు కోసం గుంపుగా వాలేది. నిరుడు గట్టు మీద తిరిగినవి ఈ ఏడు కనిపించలేదంటే, పురుగు గుడ్లను తినే మిత్ర పురుగులూ మందుకు పోయి ఉండొచ్చని అనుమానించాలి. రెక్కల పురుగు పంటనిచ్చేదీ ఉంది. గోదావరికి ఎగువన మహదేవపూర్, చెన్నూరు వైపు నల్లమద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టు అదే.

మరి ఊరి దగ్గర లెక్క లేదా? కాగితం మీద ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో కమిటీ, స్థానికులను అడిగి రాసే ప్రజా రిజిస్టర్ ఉండాలి. పదిహేడేళ్లు ఎవరికీ పట్టలేదు. 2020 జనవరి 31 లోపు పూర్తి చేయకపోతే రాష్ట్రాలు నెలకు రూ.10 లక్షలు కట్టాలని 2019లో హరిత ట్రిబ్యునల్ అన్నాక దేశమంతటా పరుగులు పెట్టారు. మీ పంచాయతీ రిజిస్టర్ ఒకసారి అడిగి చూడండి. అందులో మీ ఊరి సీతాకోకచిలుక ఒక్కటైనా ఉందా, మిమ్మల్ని ఎవరైనా అడిగారా?

ఇక అడవి అధికారుల మాట. పోడు రైతు అడవిని నాశనం చేశాడంటారు. సహజ అడవి ఉండాల్సిన నేలలో కాగితపు గుజ్జు కోసం బారులు తీరిన జామాయిల్ తోటల్లో ఎన్ని రకాల రెక్కలు ఆడుతున్నాయో లెక్క తీసి చూపమనండి. పక్కనే పోడు గట్టు మీద మనమూ తీద్దాం. అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకే ఇచ్చింది. అడగడానికి మనకు హక్కుంది.

రాసే పని మృగశిర నుంచి మృగశిర దాకా. ఊరికి ఒక నోట్‌బుక్, రెండు బుట్టలు, వారానికి ఒక రాత్రి దీపం. తేదీ, వాన, ఏ చేను, ఏ పురుగు, ఎన్ని, ఏ మందు కొట్టారు, ఖర్చెంత. పేరు తెలియకపోతే కోయలో పిలిచే పేరే రాయండి. పట్టుకుని సూదులు గుచ్చొద్దు. కొన్ని జాతులు 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, కేసుకు సాకు వెతికేవాళ్లకు మనమే ఇవ్వొద్దు. రాసే యువతకు గౌరవ వేతనం పంచాయతీ నుంచి రావాలని గ్రామసభ తీర్మానం చేయించండి. అది వచ్చేదాకా నోట్‌బుక్కుల ఖర్చు మండల కమిటీలు పెట్టుకోవాలి. నెలనెలా సమావేశానికి ఆ పుస్తకం తేవాలి.