‘వెంచర్’ అంటే ఏంటి బాస్?

మేడ్చల్ హైవే ఎక్కినా, శామీర్‌పేట వైపు రాజీవ్ రహదారి పట్టినా ఎక్కువగా కనపడే ఇంగ్లిష్ మాట ఏదో చెప్పండి చూద్దాం. నా ఓటైతే ‘వెంచర్’కే. గోడ మీద వెంచర్, ఆటో వెనక వెంచర్, ఫోన్ తెరిస్తే రీల్‌లోనూ వెంచర్.

మనకు వెంచర్ అంటే ఒక కమాను, తారు రోడ్లు, తెల్ల రంగేసిన హద్దురాళ్లు. ఇంగ్లిష్ డిక్షనరీలో ఇవేవీ ఉండవు. అక్కడ వెంచర్ అంటే లాభమో నష్టమో తెలియకుండా దిగే పని. షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో ఆంటోనియో సరుకు నింపి సముద్రం మీదికి పంపిన ఓడలే అతని వెంచర్లు. స్టార్టప్‌లలో పెట్టే డబ్బును వెంచర్ క్యాపిటల్ అనేదీ అందుకే. వస్తే కోట్లు, పోతే అంతే.

‘అడ్వెంచర్’ పాత రూపానికి తల రాలిపోతే మిగిలిన మాట ఇది. మనవాళ్లు దానికి మళ్లీ ‘యాడ్’ తగిలించారు!

కంపెనీవాళ్లు ‘ఇది మా కొత్త వెంచర్’ అంటే తప్పేం లేదు, అది వాళ్ల వ్యాపారం. వినీ వినీ మనం ఆ భూమికే ఆ పేరు పెట్టేశాం. ఫారిన్ క్లయింట్‌తో ‘వెంచర్‌లో ప్లాట్ కొన్నా’ అంటే, ఏదో బిజినెస్‌లో దిగారనుకుంటాడు. ‘లేఅవుట్’ అనండి, సరిపోతుంది.

ఇక అసలు సంగతి. మొన్న మా చిన్నాయన ఫోన్ చేసిండు. “శామీర్‌పేట దగ్గర వెంచర్‌ల నూటయాభై గజాలు తీస్కుందామనుకుంటున్నరా. ప్రీ లాంచ్ రేటంట.”

“లేఅవుట్ నంబర్ ఎంత చిన్నాయనా?”

“అదేంది, వెంచర్ అని చెప్పిన గదా!”

చూశారా, ఆయన దృష్టిలో ఆ మాటే పర్మిషన్! కానీ హెచ్ఎండీఏ కాగితాల్లో ఉండేది లేఅవుట్. 2016 నాటి రెరా చట్టంలో ఉండేది ‘రియల్ ఎస్టేట్ ప్రాజెక్ట్’. ఆ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటిన స్థలంలో ప్లాట్లు అమ్మాలంటే ముందు రెరాలో రిజిస్టర్ చేయాలి. అంతవరకూ యాడ్ ఇవ్వకూడదు, బుకింగ్ కూడా తీసుకోకూడదు. మరి రిజిస్టర్ కాకముందే ‘ప్రీ లాంచ్’ అంటూ అమ్మడం ఏంటో మీకే అర్థమవుతుంది. నంబర్ ఇస్తే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో మన ఫోన్‌లోనే చూసుకోవచ్చు. చుట్టూ చెరువులున్న ఏరియా కాబట్టి ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడుందో కూడా అడగాలి.

చిన్నాయన అడిగిండు. నంబర్ ‘వచ్చే వారం’ అన్నాడట ఏజెంట్. అడ్వాన్స్ ఇంకా ఆయన జేబులోనే ఉంది. నంబర్ వచ్చేదాకా అది డిక్షనరీలో ఉన్న వెంచరే!